కళ్లు తెరవకముందే...

చిట్టెలుక పిల్ల పుట్టాక దాదాపు రెండు వారాల దాకా కళ్లు తెరవదు. తెరవగానే మాత్రం ఎదుట కదిలేది ఎటు పోతోందో దాని రెటీనా పసిగట్టేస్తుంది. చూడకుండానే ఈ విద్య ఎలా అబ్బింది?

రెటీనాలో కొన్ని కణాలు ఒక్క దిక్కు కదలికకే స్పందిస్తాయి. కుందేలు కంట్లో ఈ గుట్టును శాస్త్రవేత్తలు బార్లో, లెవిక్ 1965లో వివరించారు. వీటి చెంతనే స్టార్‌బర్స్ట్ కణాలుంటాయి, తారాజువ్వ పేలినట్టు చుట్టూ కొమ్మలు చాచుకుని. గిట్టని దిక్కు నుంచి ఏదైనా కదిలివస్తే ఇవి గాబా అనే రసాయనం వదిలి ఆ కణం నోరు నొక్కేస్తాయి.

చిట్టెలుకలో పుట్టిన ఆరో రోజున ఈ అడ్డు అన్ని వైపులా సమానమే. ఎనిమిదో రోజుకల్లా ఒక వైపే బలపడుతుంది. రెండు రోజుల్లో ఎంత పని!

ఇంకో వింత. కళ్లు తెరవకముందే రెటీనాలో విద్యుత్ అలలు వాటంతటవే లేచి పాకుతుంటాయి. జంతువు ముందుకు నడిచేటప్పుడు దృశ్యం వెనక్కి జారే తీరునే అవి అనుకరిస్తాయని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో చూపారు. ఆ అలల దిశను చెడగొడితే, మెదడు కణాల్లో దిక్కును పోల్చుకునే నేర్పు సరిగా ఎదగలేదు.