బకాయికి 90 రోజుల గడువు



అమెరికాలో స్థిరపడిన మనవాళ్ళందరూ కంప్యూటరు ఉద్యోగాలే చేస్తున్నారనుకోకండి. రంగులు, పైపులు, కరెంటు సామాను సరఫరా చేస్తూ చిన్న వ్యాపారాలు నడుపుకునేవారూ ఉన్నారు. అలాంటి ఇంట్లో లెక్కల పుస్తకం మీ అమ్మాయి చేతిలోనో, కోడలి చేతిలోనో ఉంటే ఈ సంగతి ఫోనులో చెప్పండి. చేతికి రావలసిన డబ్బు గడువు దాటితే చేజారిపోతుంది మరి!

అక్కడ ప్రైవేటు భవనానికి సామానిచ్చి డబ్బు రాకపోతే, ఆ భవనం మీదే హక్కు కోరవచ్చు. ప్రభుత్వ భవనం మీద అలా కుదరదు. అందుకని 1935లో మిల్లర్ చట్టం చేశారు. కేంద్ర ప్రభుత్వపు పెద్ద నిర్మాణాలు పట్టే కంట్రాక్టరు, కూలీకీ సామానుకూ డబ్బు చెల్లిస్తానని ఒక జామీను కంపెనీ చేత పూచీపత్రం ఇప్పించాలి. దీన్నే పేమెంట్ బాండ్ అంటారు.

మన పెళ్ళి వంటలతో పోల్చి చూడండి. పెళ్ళివారు వంటలన్నీ ఒక కంట్రాక్టరుకి అప్పగించారు. అతను మిఠాయిల పని మరొకరికి ఇచ్చాడు. ఆ మిఠాయి మేస్త్రీ నెయ్యి అరువు తెచ్చాడు. నేతి కొట్టువాడికి బాకీ ఉందన్న సంగతి పెద్ద కంట్రాక్టరుకి ఎలా తెలుస్తుంది? తెలియక మేస్త్రీకి డబ్బంతా ఇచ్చేస్తే? అందుకే ముందుగా తెలియజేయమంటుంది చట్టం.

పెద్ద కంట్రాక్టరుతో నేరుగా ఒప్పందం ఉన్నవారికి ఈ నోటీసు అక్కరలేదు. మధ్యలో సబ్ కంట్రాక్టరు ఉంటే మాత్రం, చివరిసారి పని చేసిన లేదా సామాను ఇచ్చిన రోజు నుంచి 90 రోజుల్లోగా పెద్ద కంట్రాక్టరుకి రాతపూర్వకంగా తెలపాలి. మార్చి 1న ఆఖరి సరుకు దింపితే మే 30తో గడువు సరి. బిల్లు పంపిన తేదీ నుంచి కాదు సుమండీ! ఆఖరి రోజుదాకా ఆగక, ముందే చేరేలా పంపడం మంచిది.

నోటీసులో రెండు విషయాలు ముఖ్యం: రావలసిన మొత్తం ఇంచుమించు సరిగ్గా ఎంతో, సామాను ఎవరికిచ్చారో. నోటిమాట చాలదు. అందిందని మూడో మనిషి రాతపూర్వకంగా రుజువు చూపగల పద్ధతిలో పంపాలి. ఆ రసీదు భద్రం!

నోటీసు ఇచ్చాం కదా అని ఊరుకోకూడదు. ఆఖరి సరుకు దింపాక 90 రోజులైనా డబ్బు రాకపోతే ఫెడరల్ జిల్లా కోర్టులో దావా వేయవచ్చు. ఆ దావా కూడా ఆఖరి తేదీ నుంచి ఏడాదిలోగా వేయాలి.

ఇంకొక మాట. సరుకు అమ్మే దుకాణానికి సరుకిచ్చినవారిని ఈ చట్టం ఆదుకోదు. 1944లో అక్కడి సుప్రీంకోర్టు అలా తీర్పు చెప్పింది. కాబట్టి అరువు ఇచ్చే ముందే, మనకీ పెద్ద కంట్రాక్టరుకీ మధ్య ఎందరున్నారో కనుక్కోవాలి. రాష్ట్ర ప్రభుత్వాల పనులకు వేరే చట్టాలున్నాయి, గడువులూ వేరు. అవి అక్కడి వకీలునే అడగాలి.

పాలవాడి లెక్క క్యాలెండరు మీద గుర్తు పెట్టుకునే అలవాటు మనకుందిగా? ఆఖరి సరుకు దింపిన తేదీనీ అలాగే గుర్తు పెట్టుకోమనండి. మరుపు మనిషికి సహజమే కానీ, గడువు మాత్రం మనకోసం ఆగదు.

సెలవు.