మూత్రపిండము తొలగించు శస్త్రచికిత్సలు: వాటి మంచిచెడ్డలు

(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



గ్రామములో ఎవరికైనను మూత్రపిండము తీసివేయవలెనని పట్టణపు వైద్యుడు చెప్పినచో ఆ యింటివారు సలహాకై మీ గుమ్మము త్రొక్కుదురు. పెద్ద కోత మంచిదా, చిన్న రంధ్రముల పద్ధతి మంచిదా, రోబో ఆపరేషను ఇంకను మేలా, దానికై పొలము తాకట్టు పెట్టవలెనా అని అడుగుదురు. నిర్ణయము వైద్యునిదే. కాని ఆయనను ఏమి అడుగవలెనో తెలిసిన వారొకరు ఊరిలో నున్న ఎంతో మేలగును.

మొదట తెలియవలసినది, మూత్రపిండమును ఎప్పుడు తీయుదురనునది. క్యాన్సరు గడ్డ పుట్టినప్పుడు, రాళ్ల వలననో క్షయ వలననో అది బొత్తిగా పనిచేయనప్పుడు, లేదా బంధువునకు దానము చేయునప్పుడు తీయుదురు. రాయి యున్నంత మాత్రమున మూత్రపిండము తీయనవసరము లేదు. చాలమందికి రాయిని మాత్రమే తీసివేయవచ్చును. గడ్డ చిన్నదైనచో దానిని మాత్రమే కోసి తక్కిన భాగమును నిలుపుట తరచు సాధ్యము. శ్రీకాకుళము జిల్లా ఉద్దానములో రెండు మూత్రపిండములును క్రమముగా క్షీణించు వ్యాధి వేరు. ఒకదానిని తీసివేయుట దానికి చికిత్స కాదు.

1869లో జర్మనీ దేశమున హైడెల్‌బర్గ్ నగరములో గుస్టావ్ సైమన్ అను వైద్యుడు ఒక స్త్రీకి మూత్రపిండమును తొలగించెను. ఆమె కోలుకొనెను. రెండవది బాగుగ నున్నచో ఒక్కదానితోనే మనిషి బ్రతుకగలడని అప్పుడు రుజువైనది. తరువాత నూటయిరువది ఏండ్లు పెద్ద కోతయే మార్గము. ప్రక్కటెముకల క్రింద జానెడు మేర కోసి, ఒక్కొక్కప్పుడు ఎముక ముక్కను కూడ తీయవలసి యుండును. ఆ కోతలో తెగునవి బస్తా నెత్తుటకు, గడ్డపార పట్టుటకు అక్కరకు వచ్చు కండరములే. కావుననే రైతులు, కూలీలు నెలల తరబడి బరువు పనికి దూరమగుచుండిరి.

1990 జూన్ 25వ తేదీన అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున రాల్ఫ్ క్లేమన్ అను వైద్యుడు ఎనుబదియైదేండ్ల వృద్ధురాలికి చిన్న రంధ్రముల ద్వారా మూత్రపిండమును తొలగించెను. దాదాపు ఏడు గంటలు పట్టినది. దీనినే లాపరోస్కోపీ అందురు. బొగ్గుపులుసు వాయువుతో పొట్టను ఉబ్బించి, ఒక రంధ్రమున కెమెరాను, తక్కిన రెండు మూడింట సన్నని పనిముట్లను దూర్చి, తెరపై చూచుచు పనిచేయుదురు.

ఇందులో పలు తెరగులు కలవు. మొదటిది కడుపు ముందు వైపునుండి పోవుట. చోటు విశాలము, కాని ప్రేగులను ప్రక్కకు జరుపవలెను. పూర్వము కడుపు ఆపరేషను జరిగిన వారికి ప్రేగులు అతుకుకొని యుండవచ్చును గనుక జాగ్రత్త అవసరము.

రెండవది నడుము వెనుకనుండి పోవుట. ఇందు ప్రేగుల జోలికి పోవలసిన పని లేదు; రక్తనాళము త్వరగా దొరకును. కాని చోటు ఇరుకు. ఆ చోటు కల్పించుటకు 1992లో బొంబాయి వైద్యుడు డి. డి. గౌర్ ఒక ఉపాయము ప్రకటించెను. ఆపరేషను చేతితొడుగును రబ్బరు గొట్టమునకు కట్టి, లోపల బుడగవలె ఊదించి, కణజాలమును ప్రక్కకు నెట్టెను. స్వల్ప వ్యయముతో మన దేశమున పుట్టిన ఈ ఉపాయము అన్యదేశములకును మార్గము చూపినది.

మూడవది మూడంగుళముల కోతలో వైద్యుని చేయి ఒకటి లోనికి పోనిచ్చు పద్ధతి. స్పర్శ తెలియును, పని త్వరగా ముగియును. కోత మాత్రము కొంత పెద్దది. నాలుగవది బొడ్డు వద్ద ఒకే రంధ్రము. మచ్చ కనబడదు, కాని పనిముట్లు ఒకదానికొకటి అడ్డు తగులును.

అయిదవది రోబో. అది తనంతట తాను కోయదు. వైద్యుడు ప్రక్కన కూర్చుండి దాని చేతులను నడపును. గడ్డను మాత్రము తీసి లోపల కుట్లు వేయునప్పుడు దాని ఉపయోగము ఎక్కువ. మూత్రపిండమును పూర్తిగా తీయునప్పుడు మాత్రము, రోబో వలన చిక్కులు తగ్గలేదనియు, వ్యయము పెరిగినదనియు 2017లో ప్రకటితమైన అమెరికా పరిశీలన తెల్పినది. కావున రోబో కొరకే పొలము నమ్ముకొనుట తగదు.

ఇంకొక సంగతి. పిడికిలంత మూత్రపిండము పెన్సిలంత రంధ్రమున వెలికి రాదు. క్యాన్సరు ఉన్నచో దానిని సంచిలో నుంచి, పొత్తికడుపున రెండు మూడంగుళములు కోసి సాధారణముగా చెక్కుచెదరకుండ తీయుదురు. కోత కనబడినదని మోసపోతిమనుకొనరాదు. రక్తస్రావమైనచో మధ్యలో పెద్ద కోతకు మారుట కూడ ప్రాణరక్షణకే. మిక్కిలి పెద్ద గడ్డలకు నేటికిని పెద్ద కోతయే తగియుండవచ్చును.

దాతలకు చిన్న రంధ్రముల పద్ధతిని 1995లో బాల్టిమోర్ నగరమున రాట్నర్, కవూసి అను వైద్యులు ప్రారంభించిరి. నొప్పి తగ్గి, త్వరగా పనిలోకి పోగల్గుటచే దాతల భయము తగ్గినది. కాని దానము వేరు, అమ్మకము వేరు. 1994 నాటి అవయవమార్పిడి చట్టము క్రింద మూత్రపిండమును అమ్ముట, కొనుట, దళారీతనము చేయుట నేరములు. అప్పులలో నున్న వారి వద్దకు దళారి వచ్చినట్లు తెలిసినచో వెంటనే పోలీసులకు తెలుపుట మీ విధి.

వైద్యుని అడుగవలసిన ప్రశ్నలు అయిదు. మూత్రపిండమును పూర్తిగా తీయుట తప్పదా? రెండవది బాగుగ పనిచేయుచున్నదా? ఈ రోగికి ఏ పద్ధతి తగినది, ఎందువలన? ఆ పద్ధతిలో మీకు అనుభవమెంత? ప్రభుత్వ ఆరోగ్య పథకము క్రింద ఇది జరుగునా? ఈ చివరి విషయమును ఆస్పత్రిలో చేరుటకు ముందే విచారింపవలెను.

ఇంటికి వచ్చిన రోగి వైద్యుడు చెప్పునంతవరకు బరువు లెత్తరాదు. తరువాత యథాప్రకారము పని చేసికొనవచ్చును. రక్తపోటు చూపించుకొనవలెను, నొప్పి మాత్రలు తనంతట తాను మ్రింగరాదు.

గాయము చిన్నదగుట మంచిదే. కాని రోగమును సరిగా గుర్తించుట, అనుభవముగల చేయి దొరకుట అంతకన్న ముఖ్యము. ఈ మాటను మీ గ్రామములలో ప్రచారము చేయుదురని ఆశించుచున్నాను.