అన్నకు మాట పోయింది, మతి పోలేదు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ముందు వరుసలో తెల్ల లాల్చీలో కూర్చున్నది మా పెద్దన్న. ఈ బడి తొలి బ్యాచుల్లో చదివినవాడు. పొద్దున్నుంచి చాలామంది ఆయన్ను పలకరించి, జవాబు రాక, నా వైపు తిరిగి "మనిషి బాగానే ఉన్నాడా?" అని అడుగుతున్నారు. అందుకే నాకిచ్చిన ఐదు నిమిషాలూ ఈ సంగతికే వాడుకుంటాను.

రెండేళ్ల కింద, నాట్ల కాలంలో, అన్నకు కుడి చెయ్యి పడిపోయింది. మాట ఆగింది. గాలి సోకిందన్నారు, నాటు మందన్నారు. అట్లా ఒక పూట పోయింది. మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలని తర్వాత తెలిసింది. ఆ పూట గుర్తొస్తే నాకిప్పటికీ నిద్ర పట్టదు.

ఆనాటి నుంచి అన్న నోట ఒకటే మాట, "అదే". ఆకలైనా "అదే", కోపమొచ్చినా "అదే". మతి పోయిందనుకొని, ఆయన్ను అడగకుండానే వడ్లు అమ్మేశాం. సాయంత్రం కాటా చీటీ చేతికిస్తే, ఎడమ చేత్తో ఒక అంకె మీద వేలు పెట్టి అట్లాగే ఉన్నాడు. రెండు బస్తాలు తక్కువ రాసి ఉంది. మేమెవ్వరం చూసుకోలేదు.

దీన్ని అఫేసియా అంటారని స్పీచ్ థెరపిస్టు చెప్పింది. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే డాక్టరు చూసిన రోగి కూడా "టాన్" అనే శబ్దం తప్ప దాదాపు ఏమీ పలకలేకపోయేవాడట. చనిపోయాక చూస్తే మెదడు ఎడమవైపు ముందు భాగం దెబ్బతిని ఉంది. ఇట్లాంటి వాళ్లకు మాట కూర్చుకోవడమే కష్టం, ఎదుటివాళ్లు చెప్పేది చాలావరకు అర్థమవుతుంది. అఫేసియాలో ఇంకో రకం ఉంది, గలగలా మాట్లాడతారు గానీ ఆ మాటలకు అర్థం ఉండదు.

ఒకరోజు మనవరాలు రెండో ఎక్కం చదువుతుంటే అన్న గొంతు కలిపాడు. రెండు పదులు ఇరవై దాకా తడబాటే లేదు! వదిన వంటింట్లోంచి ఉరికొచ్చింది. మధ్యలో ఆపి "రెండేళ్లు ఎంత?" అంటే మళ్లీ "అదే". వరసగా కంఠతా వచ్చినవి, పాటలు ఇట్లా మిగులుతాయట. మన లెక్కల సారు బెత్తం ఊరికే పోలేదు.

ఇప్పుడు ఓ ఇరవై మాటలు వచ్చాయి. "నీళ్లు" అంటే దాహం కావచ్చు, సాగర్ ఎడమ కాలువ కావచ్చు. చెయ్యి ఎటు చూపిస్తున్నాడో చూడాలి.

భోజనాల దగ్గర ఆయన పక్కన కూర్చోండి. గట్టిగా అరవకండి, చెవులు బాగానే ఉన్నాయి. "ఏం సంగతులు?" అంటే చెప్పలేడు, "పప్పు వెయ్యాలా?" అంటే తల ఊపుతాడు. మాట వెతుక్కుంటుంటే మీరు అందించకండి, కాసేపు ఆగండి. బ్యాచ్ గ్రూపు ఫొటో ఆయన జేబులోనే ఉంది. మీరెక్కడున్నారో వేలు పెట్టి చూపిస్తాడు.