విమానాశ్రయం దారిలో రెండు పేర్లు



స్మారకోపన్యాసానికి పిలిస్తే ఎవరి స్మారకం అని అడగడం ఆనవాయితీ. ఈ శంషాబాద్ మండలంలో పాఠాలు చెప్పి కాలం చేసిన పంతుళ్లందరి స్మారకం అని నిర్వాహకులైన మీరు చెప్పారు. ఒక్కరి పేరూ పెట్టకపోవడం నాకు నచ్చింది, కొంత ఇరకాటంలోనూ పెట్టింది. పేరు తెలియని వాళ్ల గురించి మాట్లాడాలంటే పేరున్న ఒకరిద్దరి దగ్గర మొదలుపెట్టక తప్పదు. ఆ ఇద్దరినీ మీ ఊరి దారిలోనే వెతుక్కున్నాను.

మెహదీపట్నం నుంచి విమానాశ్రయానికి వచ్చేవాళ్లు ముందు పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కుతారు. 2009లో తెరిచిన ఈ వంతెన ఆరాంఘర్ దాకా పదకొండున్నర కిలోమీటర్లు సాగుతుంది. కింద అత్తాపూర్ వాళ్లకు దాని స్తంభాలే చిరునామాలు. ఫలానా పిల్లర్ నంబర్ దగ్గర దిగండి, ఎదురుగా మెడికల్ షాపు, పక్క సందులో మా ఇల్లు అంటారు. వంతెన దిగి గగన్‌పహాడ్, సాతంరాయి దాటితే శంషాబాద్. 2008 మార్చిలో విమానాశ్రయం మొదలయ్యాక ఈ పేరు దేశదేశాల వాళ్ల నోళ్లలో పడింది. పలికేవాళ్లలో చాలామంది మాత్రం ఊళ్లోకి రాకుండానే పక్కకు తిరిగిపోతారు.

దారి మొదట ఒక పేరు, చివర ఒక పేరు. ఇద్దరూ పాలకులే, జీతానికి పాఠం చెప్పినవాళ్లు కారు. అయినా ఇద్దరినీ గురువుల వరుసలోనే కూర్చోబెడతాను. పాఠం ఏ భాషలో ఉండాలన్న ప్రశ్న ఇద్దరికీ ఎదురైంది. ఇద్దరూ దానికి పుస్తకాలు అచ్చువేయించి జవాబు చెప్పారు.

శంషాబాద్ పేరు నిజాం కొలువులోని పాయిగా ప్రభువుల ‘శమ్సుల్ ఉమ్రా’ బిరుదు మీదుగా వచ్చిందని చెబుతారు. ఆ వంశంలో ఈ బిరుదును ఒకరికంటే ఎక్కువమంది ధరించారు. నేను చెప్పేది రెండో శమ్సుల్ ఉమ్రా ముహమ్మద్ ఫఖ్రుద్దీన్ ఖాన్ గురించి. 1781లో పుట్టి 1863లో పోయారు. నిజాం అలీఖాన్‌కు అల్లుడు. ఫలక్‌నుమా కట్టించిన వికారుల్ ఉమ్రా ఈయన మనుమడే. మనుమడి మేడ చూడటానికి జనం టికెట్ కొనుక్కుని వెళతారు. తాత అచ్చువేయించిన పుస్తకాలు మాత్రం పాత గ్రంథాలయాల్లో పరిశోధకుల కోసం ఎదురుచూస్తుంటాయి.

నవాబులకు వేట, సంగీతం, ముత్యాలు వ్యసనాలుగా ఉన్న కాలంలో ఈయన వ్యసనం గణితం, ఖగోళం. క్షేత్రగణితం మీద పారసీలో స్వయంగా పుస్తకం రాశారు. శాస్త్ర పరికరాలు సేకరించారు. 1830లలో ‘మదరసా-ఎ-ఫఖ్రియా’ అనే బడి పెట్టి, దానితోపాటు రాతి అచ్చు ముద్రణశాల నెలకొల్పారు. సంగీ ఛాపాఖానా అని దానికి పేరు. యూరపు శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి అనువదింపజేశారు. వాటిలో పేరుపడ్డది ‘సిత్తా-ఎ-శమ్సియా’, ఆరు పుస్తకాల వరుస. యంత్రశాస్త్రం, ఖగోళం, నీటి ధర్మాలు, గాలి ధర్మాలు, కాంతి, విద్యుత్తు. ఆ రోజుల్లో ప్రపంచం తెలుసుకుంటున్న భౌతికశాస్త్రం దాదాపుగా అదే.

కాలం చూడండి. 1835 ఫిబ్రవరిలో కలకత్తాలో మెకాలే తన ప్రసిద్ధమైన పత్రం రాశాడు. ఇకమీదట ప్రభుత్వ సొమ్ముతో చెప్పించే పెద్ద చదువు ఇంగ్లీషులోనే ఉండాలన్నాడు. మరుసటి నెలలో గవర్నర్ జనరల్ సరేనన్నాడు. ఇంచుమించు అదే సమయంలో హైదరాబాదులో ఒక జాగీర్దారు ఎవరూ అడగకుండానే వేరే దారి తొక్కాడు. శాస్త్రం యూరపుది కావచ్చు, పాఠం మాత్రం మన నోటి భాషలో చెప్పొచ్చని పనిలోకి దిగాడు. ఢిల్లీ కాలేజీలో దేశభాషల అనువాద సంఘం వచ్చింది 1840లలో, అంటే దీని తరువాతే. 1846లో హైదరాబాదులో పెట్టిన వైద్య పాఠశాలలోనూ ఉర్దూలోనే బోధించారు. 1917 నాటి ఫర్మానాతో ఉస్మానియా విశ్వవిద్యాలయానికీ, దాని అనువాద శాఖకూ పునాది పడింది. దాని మూలం వెతికితే ఆ రాతి అచ్చుల దగ్గరికి చేరుకుంటామని నా నమ్మకం.

ఇంతవరకూ చెప్పి ఊరుకుంటే ఉపన్యాసం పొగడ్తగా మిగిలిపోతుంది. ఆ ముద్రణశాలకు సొమ్ము ఎక్కడిది? ఆయన సంపద పాయిగా జాగీర్లది, అంటే ఇలాంటి ఊళ్లలో దుక్కి దున్నినవాళ్ల శిస్తు. దున్నినవాడి ఇంటి భాష తెలుగు. తన శిస్తుతో తయారైన పుస్తకం వాడి కొడుకు చేతికి రాలేదు, వచ్చినా చదవలేడు. నవాబును దీనికి నిందించబోను. ఆ రోజుల్లో రైతుబిడ్డ ఖగోళం చదవాలన్న ఊహ కలకత్తా దొరలకూ లేదు. కానీ నోటి భాషలో పాఠం అన్నప్పుడు ఎవరి నోరు అన్న ప్రశ్న వెంటే వస్తుంది. ఉస్మానియా దాన్ని ఇంకా పెద్దది చేసింది. దేశభాషలో పాఠాలు చెప్పిన తొలి విశ్వవిద్యాలయమని గర్వంగా చెప్పుకుంటాం, అందులో తప్పులేదు. ఆ నాటి హైదరాబాదు రాజ్యంలో దాదాపు సగం మంది తెలుగువాళ్లు. ఉర్దూ ఇంటి భాషగా ఉన్నవాళ్లు పదిమందిలో ఒకరు.

ఆ సగం మంది పరిస్థితి ఏమిటో 1921 నవంబరు 12న బయటపడింది. హైదరాబాదు వివేకవర్ధని ఆవరణలో సంఘ సంస్కరణ సభ. అధ్యక్షుడు స్త్రీ విద్యకు జీవితం ధారపోసిన ధోండో కేశవ్ కార్వే. ఉర్దూలో, మరాఠీలో, ఇంగ్లీషులో మాట్లాడారు, జనం విన్నారు. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మొదలుపెట్టగానే గేలిచేసి మాట సాగనీయలేదు. ఆ రాత్రే కొందరు తెలుగువాళ్లు కూడి ఆంధ్ర జన సంఘానికి అంకురం వేశారు. ఆ కొందరిలో మాడపాటి హనుమంతరావు ఉన్నారు.

మాడపాటివారు 1928లో నారాయణగూడలో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాల నిలబెట్టారు. రాజ్యంలో పెద్ద చదువంతా ఉర్దూలో సాగుతోంది కనుక తెలుగులో నడిచే ఉన్నత పాఠశాలకు ఇక్కడ గుర్తింపు దొరకలేదు. పరీక్షలకు పిల్లల్ని ఎక్కడికి పంపాలి? పూనాలో కార్వే నెలకొల్పిన మహిళా విశ్వవిద్యాలయంతో అనుబంధం పెట్టుకున్నారు. తెలుగు మాట నవ్వులపాలైన సభకు అధ్యక్షత వహించిన పెద్దమనిషి సంస్థే తెలుగు ఆడపిల్లల చదువుకు ముద్ర వేసింది! చరిత్రలో ఇలాంటి మలుపులు కావాలని రాయబోతే కథకులే మొహమాటపడతారు. తరువాత మాడపాటివారు హైదరాబాదు నగరానికి మేయరయ్యారు, పద్మభూషణ్ అందుకున్నారు. ఆ బిరుదుల కంటే పూనాకు రాసిన ఆ దరఖాస్తే నాకు పెద్దదిగా కనిపిస్తుంది.

ఇక దారికి మొదట్లో ఉన్న పేరు దగ్గరికి వెళదాం. పి.వి. నరసింహారావు ఉర్దూ రాజ్యమేలిన రోజుల్లో చదువుకున్నారు. 1938లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా తలుపులు మూసుకుపోతే నాగపూర్ వెళ్లి చదువు సాగించారు. విశ్వనాథ సత్యనారాయణగారి ‘వేయిపడగలు’ నవలను హిందీలోకి అనువదించారు. ఒక భాషలోని మాటను ఇంకో భాషలో కూర్చోబెట్టే కష్టం స్వయంగా పడ్డ మనిషి. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడినప్పుడు దాని తొలి అధ్యక్షుడు ఆయనే. కాలేజీ చదువు తెలుగులో చెప్పాలంటే ముందు పుస్తకాలు కావాలి. భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, అర్థశాస్త్రం, చరిత్ర, అన్నీ. అంతకు నూటముప్పయ్యేళ్ల ముందు సంగీ ఛాపాఖానాలో జరిగిన పనే మళ్లీ మొదలైంది. ఈసారి శిస్తు కట్టినవాడి భాషలో.

ఆ పుస్తకాలు ఎలా ఉన్నాయి? కొన్ని చక్కగా ఉన్నాయి. కొన్నింట్లో పారిభాషిక పదాలు సంస్కృతం బరువుతో కదలలేక కూర్చున్నాయి, పాఠం చెప్పే లెక్చరర్ గారే ఇంగ్లీషు మాట అడుక్కోవాల్సిన స్థితి. డిగ్రీ తరగతుల్లో తెలుగు మాధ్యమం అనుకున్నంత ఎత్తుకు ఎదగలేదు. అయినా అకాడమీ పుస్తకం చావలేదు. చిక్కడపల్లి గ్రంథాలయానికి ఒకసారి వెళ్లి చూడండి. గ్రూప్స్ పరీక్షలకు, పోలీసు ఉద్యోగాలకు, టీచర్ పోస్టులకు తయారయ్యే పల్లెటూరి పిల్లలు ఆ పుస్తకాలే ముందు పెట్టుకుని కూర్చుంటారు. అచ్చువేసినవాళ్లు కాలేజీ తరగతి గదిని ఊహించారు. పుస్తకం మాత్రం తనకు కావలసిన పాఠకుణ్ణి తానే వెతుక్కుంది.

పి.వి. చేసిన రెండో పని అందరికీ తెలిసిందే. 1971 నవంబరు 23న నల్లగొండ జిల్లా సర్వేలులో తొలి గురుకుల పాఠశాల మొదలైంది. మరుసటి ఏడాది తాడికొండ, కొడిగెనహళ్లి. ఆ తరువాత కేంద్రంలో మానవ వనరుల మంత్రిగా ఆయన ఉన్న కాలంలోనే నవోదయ విద్యాలయాలు వచ్చాయి. నవోదయల్లో ఎనిమిదో తరగతి దాకా మాతృభాష, ఆపైన హిందీ, ఇంగ్లీషు అన్న ఏర్పాటు చూస్తే, అకాడమీ అధ్యక్షుడి అనుభవం అందులో పలుకుతోందేమో అనిపిస్తుంది. నా ఊహే అనుకోండి. గురుకులాల మీద నాకున్న ఒక్క పేచీ కూడా చెప్పాలి. తెలివైన పిల్లల్ని పరీక్ష పెట్టి ఏరుకుపోతే ఊరిబడికి మిగిలేది ఏమిటి? యాభై ఏళ్లలో దీనికి సరైన జవాబు వినలేదు.

ఇప్పుడు మీ బడికి వద్దాం. 2022-23 నుంచి ప్రభుత్వ పాఠశాలల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది. పాఠ్యపుస్తకాలు రెండు భాషల్లో ఇచ్చారు. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. నేను ఇంగ్లీషు మాధ్యమానికి వ్యతిరేకిని కాను. విమానాశ్రయం ప్రాకారం పక్కన పెరిగే పిల్లకు లోపల ఉద్యోగం కావాలంటే ఇంగ్లీషు కావాలి, ఆ మాట ఆ పిల్ల తల్లికి ఉపన్యాసకుడి కంటే బాగా తెలుసు. రెండు పేజీల పద్ధతి మంచిదే. అయితే ఎడమ పేజీకీ కుడి పేజీకీ నడుమ జరిగే పని పుస్తకంలో లేదు. అది పంతులమ్మ నోట్లో ఉంది.

ఆ నడుమ ఉపాధ్యాయులైన మీరు ఏం చేస్తారో చూశాను. తేలే వస్తువుల పాఠం. పుస్తకంలో ఇంగ్లీషు మాట, ఎదురుగా ‘ఉత్ప్లవన బలం’. పిల్లలకు రెండూ ఒక్కటే, రెండూ అర్థం కావు. ఉపాధ్యాయురాలు రెండూ పక్కన పెట్టి, బావిలో నీళ్లు చేదేటప్పుడు బొక్కెన నీళ్లలో ఉన్నంతసేపు తేలిగ్గా ఎందుకుంటుంది, పైకి రాగానే చెయ్యి ఎందుకు గుంజుతుంది అని అడిగింది. బావి చూడని పిల్లలు ఇద్దరున్నారు. వాళ్లకు బకెట్ నీళ్లలో ప్లాస్టిక్ బంతి ముంచి చూపించింది. గోదాముల్లో, కట్టడాల మీద పనికి వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ల పిల్లలకు మళ్లీ రెండు ముక్కలు హిందీలో చెప్పింది. నలభై నిమిషాల్లో మూడు అనువాదాలు. శమ్సుల్ ఉమ్రా దీనికి పండితులను జీతానికి పెట్టుకున్నారు. అకాడమీ సంఘాలు వేసింది. ఇక్కడ గంట కొట్టగానే ఆ అనువాదం గాలిలో కలిసిపోయింది.

మీరు ఎవరి స్మారకార్థం ఈ సభ పెట్టారో వాళ్లందరూ జీవితమంతా చేసింది ఈ పనే. ఉర్దూ నుంచి తెలుగుకు, గ్రాంథికం నుంచి ఇంటి మాటకు, ఇప్పుడు ఇంగ్లీషు నుంచి మూడు నాలుగు ఇళ్ల మాటలకు. ఒక్కటీ కాగితం మీదికి ఎక్కలేదు.

అందుకని నిర్వాహకులకు ఒక మనవి. ఏటా ఉపన్యాసకుడికి కప్పే శాలువా, ఇచ్చే జ్ఞాపిక, ఉపన్యాసాన్ని చిన్న పుస్తకంగా అచ్చువేసే ఖర్చు కలిపితే ఎంతవుతుందో మీకే తెలుసు. ఒక ఏడాది ఉపన్యాసం మానేయండి. మండలంలోని బడులకు తలా ఒక లాంగ్ నోట్‌బుక్ ఇవ్వండి. ఏ పాఠాన్ని, ఏ మాటతో, ఏ వస్తువు చూపించి చెబితే పిల్లలకు పట్టుబడిందో ఉపాధ్యాయులు అందులో రాసి సంతకం పెట్టాలి. పరవాలేదనిపించినవి ఏరి అచ్చువేయండి. ధర పెట్టొద్దు. మొదటి ప్రతి కోసం నేను మళ్లీ వస్తాను, దారి ఖర్చులు నావే.