నిచ్చెనకు ముందు నేల

2025 మే 18న చార్మినార్ సమీపాన గుల్జార్ హౌజ్ వద్ద జరిగిన అగ్నిప్రమాదంలో 17 మంది మరణించారు. మంటలంటుకున్నది ఆకాశహర్మ్యం కాదు, ఒకే ఇరుకు మెట్లదారి ఉన్న ఇల్లు. ఇటువంటి చోట ట్రక్కుపై అమర్చి, నూనె పీడనంతో పైకి చాచే నిచ్చెన ఎంత అక్కరకొస్తుందన్నది దానిని నడిపేవారి శిక్షణను బట్టి ఉంటుంది.

ఆ శిక్షణ నేలతో మొదలవుతుంది. వాహనం ఒరగకుండా ఇరువైపులా చాచే ఉక్కు కాళ్లను అవుట్‌రిగ్గర్లు అంటారు. వాటికి వాహనం వెడల్పును మించిన చోటు కావాలి, పాతబస్తీ గల్లీలలో కరువైనది సరిగ్గా అదే. కాలు మ్యాన్‌హోల్ మూతపైనో, మురుగుకాలువ పలకపైనో ఆనితే అది కుంగిపోవచ్చు కనుక, గట్టి నేల చూసుకొని, బరువును పరిచే దిమ్మెలు వేస్తారు. పైగా నిటారుగా నిలిచిన నిచ్చెన మోసే బరువును, పక్కకు వాలి దూరంగా చాచిన నిచ్చెన మోయలేదు.

తరువాతిది విద్యుత్ తీగ. హై వోల్టేజి తీగను తాకకపోయినా, మరీ చేరువైతే చాలు, విద్యుత్తు ఉక్కులోకి దూకగలదు. అందుచేత సరఫరా నిలిచినట్టు నిర్ధారించుకోవడం, కింద ఒకరు కాపలాగా చూస్తుండడం తప్పనిసరి.

ముందు నేల, తరువాత తీగ, ఆపైనే నిచ్చెన. కాళ్లు చాచే చోటే లేకపోతే వాహనాన్ని గల్లీ బయట ఆపి, భుజాన మోసుకెళ్లే నిచ్చెనలతో పని సాగించాలన్న నిర్ణయమూ ఆ శిక్షణలో భాగమే.