ఇరుకు షెడ్డులో ట్రాక్టరు



2019లో ప్రారంభమైన పల్లెప్రగతి కార్యక్రమమున తెలంగాణ గ్రామపంచాయతీలకు ట్రాక్టర్లు లభించినవి. షెడ్డు ఇరుకైనచో ట్రాక్టరును లోనికి చేర్చుటకు నేర్పు కావలెను. వెనుకకు నడుపునపుడు స్టీరింగు కుడికి త్రిప్పిన ట్రైలరు ఎడమకు పోవును; కావున దానిని ముందే విప్పి, చక్రములకు రాళ్లు అడ్డుపెట్టి బయటనే ఉంచుట మేలు.

"రా, రా" యని కేకవేయుచు గోడకును చక్రమునకును నడుమ నిలుచు అలవాటు మనకు కలదు. ఆ మనిషికి తప్పుకొన చోటుండదు. దారి చూపువాడు డ్రైవరుకు కనబడునట్లు ప్రక్కన నిలువవలెను. అతడు కనుమరుగైన తోడనే బండి ఆగవలెను. పిల్లలను ముందే దూరముగా పంపవలెను.

గోడకు బండి తగులనంత దూరము కొలిచి నేలపై ఒక దూలమును బిగించిన, వెనుకచక్రము దానిని తాకి నిలుచును. పాత దూలమే చాలును, తీర్మానముతో పనిలేదు.

తలుపులు మూసి ఇంజను నడుపరాదు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగును లేదు, వాసనయు లేదు.