చీటీలో కనపడని జబ్బు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము పంతుళ్లం, డాక్టర్లం కాము. కానీ అబ్బా ఖాళీ నోరు నములుతుంటే ఊరంతా నవ్వుతోందని బడికి రావడం మానుకునే పిల్లలు మాకు తెలుసు. అందుకే ఈ మాట.

1950లలో క్లోర్‌ప్రోమజైన్, దాని వెనుకే హలోపెరిడాల్ వచ్చాయి. మతి చెదిరినవారిని గొలుసులతో కట్టే అవసరం లేకుండా చేసిన మందులివి. అయినా 2001లో తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులు తెంచుకోలేక 28 మంది మంటల్లో కాలిపోయారు. కాబట్టి మందు మానమని మేము చెప్పడం లేదు. ఈ మందులు మెదడులో డోపమిన్ అనే పదార్థం జోరును తగ్గిస్తాయి. కాళ్లూ చేతులూ సరిగా ఆడాలన్నా అదే కావాలి. అందుకే కొందరికి కొద్ది వారాల్లోనే వణుకు, బిగుసుకుపోవడం మొదలవుతాయి. కొందరు ఒకచోట నిలవలేరు. నమాజు సఫ్‌లోంచి మధ్యలో వెళ్లిపోయేవారిని చూసి భక్తి లేదంటాం. నిలవనివ్వనివి వారి కాళ్లే. ఏళ్లు గడిచాక నాలుక, దవడ వాటంతట అవే కదలడం టార్డివ్ డిస్కైనేసియా. ముదిరితే మందు ఆపినా పోకపోవచ్చు.

ఇంట్లోవాళ్లు గాలి సోకిందనుకుంటారు, ఊరివాళ్లు తాగాడంటారు. భయపడి మాత్రలు ఒక్కసారిగా ఆపితే పాత జబ్బు తిరగబెడుతుంది, కదలికలూ పెరగవచ్చు. ముందే కనిపెడితే డాక్టరు మోతాదు తగ్గిస్తారు, మందు మారుస్తారు, టెట్రాబెనజైన్ వంటివి రాస్తారు. వణుకు తగ్గించే ట్రైహెక్సీఫెనిడిల్ ఈ నోటి కదలికకు పనిచేయదు. పైగా చెమట పట్టనివ్వదు. మే నెల ఎండలో శెనక్కాయ చేను దున్నే మనిషికి ఇది చిన్న సంగతి కాదు.

ముందే కనిపెట్టేదెలా? కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు పల్లెల నుంచి అనంతపురం పెద్దాసుపత్రికి వచ్చేది తరచూ రోగి కాదు, పాత చీటీ పట్టుకున్న భార్యో, తమ్ముడో. మాత్రలు ఉచితమే. ఇద్దరి బస్సు ఛార్జీ, ఇద్దరి కూలి పోవడం ఉచితం కాదు. నోరు నమిలే సంగతి చీటీలో ఉండదు గదా.

కాబట్టి ఈ ఏడు జకాత్, సదఖా సొమ్ములో కొంత మాత్రలకు కాక, అర్హులైన రోగులు మనిషి తోడుతో మూడు నెలలకోసారి ఆసుపత్రికి వెళ్లే ఖర్చుకు కేటాయించమని కోరుతున్నాం. పరీక్షకు పదినిమిషాలు చాలు. నోట్లో వక్క ఉంటే ఉమ్మించి, చెప్పులు విప్పించి, కుర్చీలో కూర్చోబెట్టి నాలుక చాపమంటారు, బొటనవేలితో మిగతా వేళ్లను తాకమంటారు, నాలుగడుగులు నడిపించి చూస్తారు. వెంట వెళ్లినవారు ఆ పరీక్ష చేయమని నోరు తెరిచి అడగాలి.